అదే గుమ్మానికి మళ్ళీ వెళ్ళాలి: వృద్ధాప్యం మీద పరిశోధన చేయాలనుకునే యువ డాక్టర్లకు

రేపల్లె వైపు ఒక ఊళ్ళో ఒక పెద్దమ్మగారు ఉండేవారు. మొదటిసారి వెళ్ళి, ఈ గీత నుంచి ఆ గీత దాకా నడిచి చూపించండమ్మా అంటే, "నడకక్కూడా పరీక్షలేనా డాక్టరమ్మా" అని నవ్వి, కొంగు బొడ్లో దోపుకుని చకచకా నడిచేశారు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళాను. అరుగెక్కి లోపలికి చూస్తే గోడ మీద దండ వేసిన ఫొటో. కోడలు మంచినీళ్ళిచ్చి చెప్పింది. ముందు గుడికి వెళ్ళడం మానేశారట. తర్వాత పెరట్లోకి వెళ్ళడం తగ్గించారట. ఆఖరి నెల మంచం దిగలేదట. అంతా కలిపి ఆరు నెలలు.

ఆ ఆరు నెలల్లో మనిషికి ఏమవుతుందో తెలుసుకోవాలనే నేను ఈ పనిలోకి వచ్చాను. నా రిజిస్టర్‌లో మాత్రం ఆమె పేరు పక్కన ఒకే ఒక్క నడక వేగం ఉంది. రెండో గడి ఖాళీ.

ఎంబీబీఎస్ పిల్లలూ పీజీలూ నన్ను ఎక్కువగా అడిగేది, "మేడమ్, ఏజింగ్ రిసెర్చ్‌లోకి రావాలంటే ఏ కోర్సు చేయాలి?" అని. కోర్సుల సంగతి చెబుతాను. కానీ నా ఇరవై ఏళ్ళ అనుభవంలో ఈ పనిని నిలబెట్టేదీ, పడగొట్టేదీ కోర్సు కాదు. 78 ఏళ్ళ మనిషిని ఒకరోజు చూస్తే ఎలా ఉన్నారో తెలుస్తుంది, ఎటు వెళుతున్నారో తెలియదు. అది తెలియాలంటే అదే మనిషిని, అదే కొలతతో, మళ్ళీ చూడాలి. ఆ తర్వాత మళ్ళీ చూడాలి. కాబట్టి ఊరు ఎంచుకోవడం, పరీక్షలు ఎంచుకోవడం, మనుషుల్ని పెట్టుకోవడం, డబ్బు ఖర్చు పెట్టడం, అన్నీ ఆ రెండో రాకడను దృష్టిలో పెట్టుకుని చేయండి.

ఈ రంగంలో గట్టిగా నిలిచిన పనులన్నీ అలా తిరిగి వెళ్ళినవాళ్ళవే. వృద్ధాప్యం మీద అమెరికాలో చేస్తున్న బాల్టిమోర్ అధ్యయనం 1958లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. అందులో మొదటి 20 ఏళ్ళు మగవాళ్ళనే చేర్చుకున్నారు, ఆడవాళ్ళను 1978 నుంచి తీసుకున్నారు. మొదట్లో ఎవరిని వదిలేశామో వాళ్ళ గురించి తర్వాత ఎన్ని కోట్లు పెట్టినా ఆ పాత కాలం తిరిగి రాదు. మీ జాబితా మొదటి రోజు రాసుకునేటప్పుడే ఇది గుర్తుంచుకోండి.

మనకు దగ్గర్లోనూ ఒకటుంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం ఇచ్చే ప్రయోగం ఒకటి జరిగింది. మామూలుగా అయితే అక్కడితో రిపోర్టు రాసి అయిపోయేది. కానీ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళూ, వాళ్ళతో కలిసి పనిచేసినవాళ్ళూ 2003-05లో మళ్ళీ ఆ ఊళ్ళకే వెళ్ళి, అప్పటి పసిపిల్లల్ని టీనేజ్‌లో వెతికి పట్టుకుని గుండె, షుగర్ సంబంధమైన పరీక్షలు చేశారు. 1,165 మంది దొరికారు. ఆ తర్వాత 2010-12లో వాళ్ళ అమ్మానాన్నల్నీ తోబుట్టువుల్నీ కూడా కలుపుకున్నారు. తల్లి కడుపులో ఉన్నప్పటి తిండి నడివయసు దాకా ఎంత దూరం పనిచేస్తుందో చూడటానికి ఇంతకన్నా వేరే దారి లేదు.

ముందు వయసు తేల్చుకోండి

దీర్ఘాయుష్షు మీద పరిశోధన అంటాం గానీ, మన ఊళ్ళలో మొదట తేలనిది వయసే. ఆధార్ కార్డులో జనవరి 1 అని పుట్టినరోజు ఉన్నవాళ్ళు కుప్పలుగా కనిపిస్తారు. నోటితో అడిగితే అరవై, అరవై అయిదు, డెబ్బై, డెబ్బై అయిదు అని గుండ్రంగా చెబుతారు. 67 అనో 73 అనో చెప్పేవాళ్ళు తక్కువ. పింఛను కోసం పెంచిన వయసులున్నాయి, ఉద్యోగం కోసం తగ్గించినవీ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 122 ఏళ్ళు బతికి 1997లో చనిపోయిన జాన్ కాల్మాన్ గారి పేరు చెప్పుకోగలుగుతున్నాం అంటే, ఆమె పుట్టినప్పటి నమోదూ ఆ తర్వాతి జనాభా లెక్కలూ అక్కడ దొరికాయి కాబట్టే. మన పెద్దవాళ్ళలో చాలామందికి అలాంటి కాగితం లేదు. కానీ జ్ఞాపకం ఉంది. దాన్ని ఎలా అడగాలో నేర్చుకోవాలి.

నేను ఒక కాగితం మీద ఆ ప్రాంతపు పెద్ద సంఘటనలు వరసగా రాసుకుంటాను. మా వైపు అయితే ఆంధ్ర రాష్ట్రం వచ్చిన 1953 అక్టోబర్ 1, ప్రకాశం బ్యారేజీ వచ్చిన 1957, జై ఆంధ్ర నడిచిన 1972, ఉప్పెన వచ్చిన 1977 నవంబర్ 19, రామారావుగారు ముఖ్యమంత్రి అయిన 1983 జనవరి. నల్లగొండ, పల్నాడు వైపు అయితే సాగర్ శంకుస్థాపన జరిగిన 1955 డిసెంబర్ 10. తెలంగాణ జిల్లాల్లో 1948 సెప్టెంబర్ పోలీసు యాక్షన్ లేకుండా ఈ కాగితం పనికిరాదు. మీ ఊరికి మీరే రాసుకోండి. ఒక జిల్లా కాగితం ఇంకో జిల్లాలో పనిచేయదు.

తర్వాత తేదీలు అడగకుండా పిల్లల గురించి అడగాలి. ఒకావిడ కార్డులో 1955 అని ఉంది. "ఉప్పెన నాటికి మీ పెద్దబ్బాయి ఎంతవాడమ్మా?" అంటే, "ఏడో తరగతి. బడి మీద రేకులు లేచిపోయినాయి, ఆ ఏడాది చదువు పోయింది" అన్నారు. ఏడో తరగతి అంటే పన్నెండేళ్ళు, అంటే కొడుకు పుట్టింది 1965 ప్రాంతంలో. పెళ్ళయిన ఎన్నాళ్ళకు పుట్టాడు, పెళ్ళి పెద్దమనిషి అయిన ఎన్నేళ్ళకు అయింది అని అడుగుతూ వెనక్కి వెళితే 1947 దగ్గర ఆగింది. కార్డుకూ మనిషికీ ఎనిమిదేళ్ళ తేడా. ఈ తేడా పట్టుకోకపోతే, ఈవిడ నెమ్మదిగా నడవడం చూసి "వయసుకు మించి ముసలితనం" అని రాసేసేదాన్ని. ఆవిడ నిజానికి తన వయసుకు బాగానే ఉన్నారు.

ఇంకో పద్ధతి మన పంచాంగం. కొన్ని ఇళ్ళల్లో "మా నాన్న విక్రమలో పుట్టాడు" అని ఖచ్చితంగా చెబుతారు. విక్రమ అంటే 1940 ఉగాది నుంచి 1941 ఉగాది దాకా. ఆ పేరు మళ్ళీ 2000లోనే వచ్చింది, కాబట్టి పొరపాటు పడే అవకాశమే లేదు. అరవై సంవత్సరాల పేర్ల పట్టిక ఫైలులో పెట్టుకోండి. మీకు వచ్చిన వయసును ఎలా తేల్చారో కూడా పక్కన రాయండి: కాగితమా, సంవత్సరం పేరా, సంఘటనా, అంచనానా. రెండోసారి వెళ్ళేది మీరు కాకపోవచ్చు.

కొలిచే పద్ధతి

కొత్తవాళ్ళు రక్తపరీక్షల నుంచి మొదలుపెడతారు. నేను నడక నుంచి మొదలుపెట్టమంటాను. 2011లో వచ్చిన ఒక విశ్లేషణలో తొమ్మిది అధ్యయనాల నుంచి 34,485 మంది పెద్దవాళ్ళ నడక వేగాన్ని కలిపి చూశారు. వేగం పెరిగే కొద్దీ బతికే అవకాశం మెట్టు మెట్టుగా పెరుగుతూ వచ్చింది. అరవై ఏళ్ళుగా అరిగిన గుండె, ఊపిరితిత్తులు, మోకాళ్ళు, కళ్ళు, మెదడు అన్నీ ఆ నాలుగు మీటర్లలో ఒకేసారి కనిపిస్తాయి. దానికి కావలసింది సుద్దముక్క, టేపు, స్టాప్‌వాచ్.

నేల చదునుగా ఉన్న చోట నాలుగు మీటర్లకు రెండు గీతలు గీయండి. గీతకు అవతల ఇంకో మీటరైనా ఖాళీ ఉండాలి, లేకపోతే గోడ చూసి ముందే నెమ్మదిస్తారు. "వేగంగా నడవండి" అనకండి. "కొట్టుకి పప్పు తేవడానికి వెళుతున్నట్టు నడవండి" అనండి. ప్రతి ఇంట్లోనూ, ప్రతిసారీ అదే వాక్యం. మీ ఫీల్డ్ వర్కర్ చేత ఆ వాక్యం బట్టీ పట్టించండి. రెండుసార్లు నడిపించి మెరుగైనది రాయండి. చెప్పులతో నడిచారా, ఒట్టి కాళ్ళతోనా, కర్ర ఉందా, ఆడవాళ్ళయితే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్నారా, ఇవన్నీ రాయండి. సెకనుకు ఒక మీటరు కన్నా తక్కువైతే ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో పెట్టిన గీత ప్రకారం అది నెమ్మది నడక. అంటే నాలుగు మీటర్లకు నాలుగు సెకన్లు దాటితే మనం ఆగి ఆలోచించాలి. వాళ్ళే పిడికిలి బలానికి మగవాళ్ళకు 28 కిలోలు, ఆడవాళ్ళకు 18 కిలోలు హద్దు పెట్టారు. ఆ బలం కొలిచే పరికరం ఖరీదైనది, మొదట్లో కాలేజీ ఫిజియాలజీ విభాగాన్ని అడిగి తెచ్చుకోండి. వేళ్ళ ఉంగరాలు తీయించి, మోచేయి లంబకోణంలో ఉంచి, ప్రతిసారీ అదే చేతితో మొదలుపెట్టండి.

కుర్చీ పరీక్ష గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇక్కడే నేను భయపడ్డాను. చేతులు గుండెకు అడ్డంగా పెట్టుకుని అయిదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే కాళ్ళ బలం తగ్గినట్టు. మొదట్లో నేను ఎవరింట్లో ఉన్న కుర్చీ వాళ్ళింట్లో వాడాను. ఒక ఇంట్లో కొత్త టైల్స్ మీద ప్లాస్టిక్ కుర్చీ. మూడోసారి కూర్చోబోతుండగా కుర్చీ వెనక్కి జారింది. నేను పక్కనే ఉండి పట్టుకున్నాను, తాతగారికి దెబ్బ తగల్లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తుంటి ఎముక విరిగి ఉంటే ఆయన ఆరోగ్యంగా బతకాల్సిన ఏళ్ళను నా పరిశోధనే తీసేసి ఉండేది. మర్నాడే చేతులు లేని గట్టి చెక్క కుర్చీ ఒకటి కొన్నాను. అప్పటి నుంచి అదే కుర్చీ ఆటోలో నాతో ఊరూరా తిరుగుతోంది. దాన్ని గోడకు ఆనించి పెడతాం, ఒక మనిషి ఎప్పుడూ పక్కన నిలబడతాడు. కుర్చీ ఒకటే కావడం వల్ల ఇంకో లాభం, ఆరేళ్ళ కిందటి అంకెనూ ఈనాటి అంకెనూ పక్కపక్కన పెట్టి నమ్మకంగా పోల్చగలను.

నడక పరీక్షకు ముందు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే ఆ రోజు నడిపించకండి, వేసుకుంటున్న మందుల చీటీ చూడండి. చాలామందికి సమాధానం ఆ చీటీలోనే ఉంటుంది.

ఇక ప్రశ్నావళులు. రోజువారీ పనుల మీద కాట్జ్ 1963లో ఇచ్చిన ఆరు ప్రశ్నలు మనకూ సరిపోతాయి: స్నానం, బట్టలు, దొడ్డికి వెళ్ళడం, మంచం మీంచి లేవడం, మలమూత్రాల అదుపు, తినడం. 1969లో లాటన్ ఇచ్చిన పట్టికతో మాత్రం జాగ్రత్త. వంట చేస్తారా, బట్టలు ఉతుకుతారా, డబ్బు లెక్క చూసుకుంటారా అని ఉంటుంది. జన్మలో స్టవ్ వెలిగించని తాతగారు వంట దగ్గర సున్నా. బ్యాంకు మొహం చూడని నాయనమ్మ డబ్బు దగ్గర సున్నా. అది చేతకాకపోవడం కాదు, ఆ పని ఎప్పుడూ వాళ్ళది కాకపోవడం. "ఇదివరకు చేసేవారా? ఇప్పుడు మానేశారా? ఎందుకు?" అని మూడు ముక్కలుగా అడగండి. నేలమీద కూర్చుని లేవగలరా అనే ప్రశ్న కూడా కలుపుకోండి. మన ఇళ్ళల్లో భోజనం, పూజ, మనవళ్ళతో ఆట, అన్నీ నేలమీదే.

జ్ఞాపకశక్తి పరీక్షకు ముందు చెవి, కన్ను చూడండి. చెవిలో గుమిలి నిండిన మనిషికి మూడు మాటలు చెప్పి తిరిగి చెప్పమంటే చెప్పలేరు, అది మతిమరుపు కాదు. చదువు రానివాళ్ళకు పుస్తకంలోని పరీక్షను యథాతథంగా పెట్టకండి. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో చదువు రాని పెద్దవాళ్ళ కోసం హిందీలో అలాంటి పరీక్షను ప్రత్యేకంగా మార్చి తయారుచేశారు. ఎలా మార్చారో చదవండి, తెలుగులో వాడేటప్పుడు అంత శ్రద్ధ మనకూ కావాలి.

చదువూ, డబ్బూ, టైమూ

మన దేశంలో పెద్దవాళ్ళ వైద్యానికి దారి వేసినవారు చెన్నైలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్. 1978లో మద్రాసు మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో వాళ్ళ కోసం విడిగా ఓపీ మొదలైంది. 1996లో అదే కాలేజీలో జెరియాట్రిక్స్‌లో, అంటే పెద్దవాళ్ళ వైద్యంలో, ఎండీ వచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో కూడా ఆ కోర్సు ఉంది. సీటు వస్తే వదులుకోకండి. రాకపోతే జనరల్ మెడిసిన్‌తో రండి, నేనూ అలాగే వచ్చాను. కమ్యూనిటీ మెడిసిన్, న్యూరాలజీ, సైకియాట్రీ నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఎండీ తర్వాత ఎపిడెమియాలజీ, స్టాటిస్టిక్స్ నేర్చుకోండి. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లోనూ, తిరువనంతపురంలోని అచ్యుత మేనన్ సెంటర్‌లోనూ పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ ఉంది. ఒకే మనిషి కొలతలు నాలుగుసార్లు ఉంటే వాటిని ఎలా విశ్లేషించాలో, మధ్యలో చనిపోయినవాళ్ళను లెక్కలో ఎలా ఉంచాలో ఎంబీబీఎస్‌లో ఎవరూ చెప్పరు. నాకు అది నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

ఎంబీబీఎస్‌లో ఉండగానే మొదలుపెట్టాలంటే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) విద్యార్థులకిచ్చే ఎస్టీఎస్ ఉంది, రెండు నెలల చిన్న ప్రాజెక్టు. పెద్ద ప్రశ్న పెట్టుకోకండి. మీ వార్డులో ఉన్న అరవై దాటిన వాళ్ళ నడక వేగం చాలు. చేతిలో రోగులు లేకపోయినా పని చేయొచ్చు. లాసీ అని పిలిచే జాతీయ అధ్యయనంలో 2017-18లో 45 ఏళ్ళు దాటినవాళ్ళూ వాళ్ళ జీవిత భాగస్వాములూ కలిపి 72 వేల మందికి పైగా కొలతలు తీసుకున్నారు, మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్‌కు దరఖాస్తు పెట్టి ఆ డేటా తీసుకోవచ్చు. ఎండీ తర్వాత సొంతంగా ఒక ప్రశ్న మీద కొన్నేళ్ళు పనిచేయాలంటే డాక్టర్లకు ఫెలోషిప్పులిచ్చే ఇండియా అలయన్స్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది.

అమెరికా వెళ్ళాలనుకునేవాళ్ళు మన దగ్గర ఎక్కువే. ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ మూడేళ్ళు, జెరియాట్రిక్స్ ఫెలోషిప్ ఒక ఏడాది. పరిశోధన కావాలంటే ఆ పైన ఇంకా ఉండాలి. అక్కడ 1974లో పెట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్ యువ డాక్టర్లకు పరిశోధకులుగా ఎదగడానికి కే గ్రాంట్లు అనే నిధులు ఇస్తుంది. ఆ గ్రాంటు తీసుకుంటే మామూలుగా మీ పనిగంటల్లో 75 శాతం పరిశోధనకే కేటాయించాలి. నాకు అందులో నచ్చేది డబ్బు కన్నా ఆ షరతు. మన దగ్గర ఓపీ, వార్డు, పరీక్షల డ్యూటీ అయ్యాక మిగిలిన సాయంత్రమే పరిశోధన అవుతుంది. నేను పనిచేసిన ఒక చోట వారానికి ఒక్క రోజు ఫీల్డ్‌కు వెళతానంటే మూడేళ్ళు ఒప్పుకోలేదు. ఉద్యోగంలో చేరేటప్పుడే ఆ రోజును కాగితం మీద రాయించుకోండి. జీతం తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఏ ప్రశ్న పట్టుకోవాలి అంటారా? మన వీధిలో మాత్రమే సమాధానం దొరికే ప్రశ్న. డాక్టర్ సువర్ణ అల్లాడి హైదరాబాద్ నిమ్స్‌లో ఉండగా చేసిన పని చూడండి. డిమెన్షియా వచ్చిన 648 మంది రికార్డులు చూస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడికి వెళ్ళనివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది. 2013లో అచ్చయింది. వేరే దేశాల్లో రెండు భాషలవాళ్ళంటే ఎక్కువగా వలస వచ్చినవాళ్ళు, తేడా భాషదో వలసదో విడదీయడం కష్టం. తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడే బజార్లున్న హైదరాబాద్‌లో అది వీలైంది. ఇది క్లినిక్‌కు వచ్చినవాళ్ళ రికార్డులతో చేసిన పని, నేను చెబుతున్న రాకపోకల పద్ధతి కాదు. అయినా ప్రశ్న మంచిదైతే ఎంత దూరం వెళ్ళొచ్చో చూపించింది.

ఈ నెల ఎవరి వంతు?

రెండోసారి వెళ్ళేసరికి సగం తలుపులకు తాళాలుంటాయి. వాళ్ళు చనిపోలేదు, వంతులు మారారు. ఇద్దరు ముగ్గురు కొడుకులుంటే తల్లి ఒక్కొక్కరి దగ్గర ఒక్కో నెల, తండ్రి ఇంకొకరి దగ్గర. కొందరు ఎండాకాలం కూతురింటికి వెళతారు. ఇప్పుడు ఇంకో వంతు కలిసింది. కూతురి పురుడుకని అమెరికా వెళ్ళి ఆరు నెలలుండి వస్తారు. వచ్చేసరికి బరువూ మారుతుంది, బీపీ మందు కూడా మారి ఉంటుంది. మొదటి రోజే అడగండి: "ఏ నెలలో ఎక్కడుంటారమ్మా?" ఒక మనిషికి కనీసం మూడు ఫోన్ నంబర్లు రాసుకోండి. కొడుకుది ఒకటి, పక్కింటివాళ్ళది ఒకటి, ఊళ్ళో ఆశా కార్యకర్తది ఒకటి. ఇంటి నంబరుతో పాటు "రామాలయం వెనక, వేపచెట్టున్న పెంకుటిల్లు" అని కూడా రాయండి. కొన్నాళ్ళకు పెంకుటిల్లు డాబా అవుతుంది. చెట్టు చాలాసార్లు మిగులుతుంది.

ఆసుపత్రిలో క్యాంపు పెట్టి రమ్మంటే ఎవరు వస్తారు? ఆటో ఎక్కగలిగినవాళ్ళు, తీసుకొచ్చే కొడుకున్నవాళ్ళు. రానివాళ్ళే మీ ప్రశ్నకు సమాధానం. వాళ్ళింటికి కుర్చీ తీసుకుని మీరే వెళ్ళండి.

ఒప్పుకోలు గురించి. కొడుకు సంతకం తల్లి ఒప్పుకోలు కాదు. చదవడం రాకపోతే కాగితం మొత్తం చదివి వినిపించి, మీ బృందంతో సంబంధం లేని సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి. "అబ్బాయిని అడగండమ్మా" అంటారు చాలామంది. అప్పుడు నేను మంచం పక్కన కూర్చుని, "మీ కాళ్ళు కదా అమ్మా నేను కొలిచేది, మీరు చెప్పండి" అంటాను. కాస్త ఆలస్యమైనా వాళ్ళే చెబుతారు. వద్దంటే లేచి నమస్కారం పెట్టి రావడమే.

వెళ్ళే ముందే ఇంకో జాబితా ఉండాలి: శుక్లం కనిపిస్తే ఎక్కడికి పంపాలి, షుగర్ ఎక్కువుంటే ఏ పీహెచ్‌సీ, ఇంట్లో పెద్దవాళ్ళను కొడుతున్నారని తెలిస్తే ఎవరికి చెప్పాలి. కనిపెట్టి ఊరుకోవడానికి మనకు హక్కు లేదు. కొలతలన్నీ పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. మూడోసారి వెళ్ళినప్పుడు కొందరు ఆ పాత కాగితాల్ని దేవుడి పటం వెనక నుంచి తీసి చూపించారు.

చనిపోయినవారి ఇంటికి కూడా వెళ్ళాలి. పెద్దకర్మ అయ్యేదాకా ఫారం బయటికి తీయకండి. ఆ తర్వాతైనా ముందు పలకరించి, వాళ్ళు మొదలుపెట్టాక వినండి. ఎప్పటి నుంచి తిండి తగ్గింది, ఎప్పుడు బయటికి రావడం మానేశారు, ఎన్నాళ్ళు మంచం మీద ఉన్నారు. తారీఖులు గుర్తులేకపోతే సంక్రాంతికి ముందా, ఉగాదికి తర్వాతా అని అడగండి. స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ ఫ్రైస్ అనే డాక్టర్ 1980లో చెప్పిన ఆలోచన ఇదే కాలం గురించి. మంచాన పడే రోజుల్ని జీవితపు చివరి కొసకు నెట్టి, కుదించవచ్చు అన్నారాయన. చెప్పి ఊరుకోలేదు. 1984 నుంచి యాభై దాటిన పరుగు అలవాటున్నవాళ్ళనూ, లేనివాళ్ళనూ తీసుకుని ఏటా పోస్టులో ప్రశ్నలు పంపుతూ పోయారు. 19 ఏళ్ళకు పరుగెత్తేవాళ్ళలో 15 శాతం, మిగతావాళ్ళలో 34 శాతం చనిపోయారు. పనులు చేసుకోలేని స్థితి కూడా పరుగు అలవాటున్నవాళ్ళకు ఏళ్ళ తరబడి ఆలస్యంగా వచ్చింది. ఎవరు పరుగెత్తాలో వాళ్ళే ఎంచుకున్నారు కాబట్టి తేడా అంతా పరుగు వల్లేనని అనలేం. కానీ 20 ఏళ్ళు ఒకే ప్రశ్నను ఒకే మనుషులకు పంపగల ఓర్పు నేర్చుకోవలసింది.

ఆయుష్షు మాత్రలు

మీరు ఈ రంగంలో ఉన్నారని తెలియగానే బంధువులందరూ అడిగేది మాత్రల గురించే. నిజాయితీగా చెప్పడానికి రెండు విషయాలు గట్టిగా తెలిసి ఉండాలి. 2009లో, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళకు ఇచ్చే రాపమైసిన్ అనే మందును 600 రోజుల వయసున్న ఎలుకలకు పెట్టినా వాటి ఆయుర్దాయం పెరిగింది, ఆడవాటికి 14 శాతం, మగవాటికి 9 శాతం. ఎలుక రెండు మూడేళ్ళే బతుకుతుంది కాబట్టి శాస్త్రవేత్త దాని జీవితమంతా చూడగలడు. మనిషి విషయంలో ఆ సౌకర్యం లేదు. రెండోది షుగర్ మందు మెట్‌ఫార్మిన్. న్యూయార్క్‌లో నీర్ బర్జిలాయ్ అనే డాక్టర్, 65 నుంచి 79 ఏళ్ళ మధ్యవాళ్ళు మూడు వేల మందికి ఆరేళ్ళ పాటు ఇచ్చి చూడాలని పరీక్ష రూపొందించారు. చవక మందు, పేటెంటు లేదు, కాబట్టి లాభం కోసం డబ్బు పెట్టే కంపెనీ లేదు, ఏళ్ళ తరబడి నిధుల కోసం తిరుగుతూనే ఉన్నారు. అందుకని మా పిన్ని అడిగినా నేను చెప్పేది ఒకటే: షుగర్ ఉంటే వేసుకో పిన్నీ, ఆయుష్షు కోసమైతే ఇంకా తేలలేదు. ఏదో ఒక పొడి డబ్బా మీద మీ పేరు వేస్తామని ఎవరైనా వస్తారు. నాకూ వచ్చారు. ఒప్పుకుంటే, మీరు వెళ్ళే ఇళ్ళల్లో ఆ డబ్బా మీకన్నా ముందు చేరుతుంది. ఆ తర్వాత మీరు అడిగే ప్రశ్నలకు వచ్చే జవాబులు మారిపోతాయి.

రిజిస్టర్ అప్పగించడం

నాకు 54 దాటాయి. నా రిజిస్టర్‌లో ఉన్న 60 ఏళ్ళవాళ్ళలో కొందరు నేను రిటైరయ్యాక కూడా బతికి ఉంటారు. అందుకే కిందటేడాది నుంచి ఒక జూనియర్‌ను వెంట తీసుకెళుతున్నాను. మొదటి ఆరు నెలలు ఆమె ఏమీ కొలవలేదు, పలకరించడమే. ఎవరింట్లో చెవి వినిపించదో, ఎవరు ఎడమవైపు కూర్చుంటే మాట్లాడతారో, ఏ ఇంట్లో కుక్క ఉందో రాసుకుంది. మీరూ మీ తర్వాత వచ్చేవాళ్ళకు అంకెలతో పాటు ఇవి కూడా అందించండి.

ఈ కార్తీకంలో మా నాలుగో రౌండు మొదలవుతుంది. జాబితాలో మొదటి ఇల్లు రామాలయం వెనక వేపచెట్టు ఇల్లే. ఈ నెల ఆవిడ చిన్నకొడుకు దగ్గర ఉన్నారని ఫోన్ చేసి కనుక్కున్నాం. కుర్చీకి కింద రబ్బరు బుడిపెలు అరిగాయి, వెళ్ళే లోపు మార్పించాలి.